జీటీ3 ఒంటి మీద ట్రాక్ ఆనవాళ్లు

పాత పోర్షే 911 జీటీ3 అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలో తరచుగా ఒక మాట కనిపిస్తుంది: "ట్రాక్ మీదకి ఎప్పుడూ తీసుకెళ్లలేదు." కొనేవాళ్లు ఆ మాట కోసమే వెతుక్కుంటారు కాబట్టి అమ్మేవాళ్లు దాన్ని రాయకుండా ఉండరు. అయితే పోర్షే ఈ కారును తయారు చేసిందే ట్రాక్ కోసం. వారమంతా ఆఫీసుకి తిరిగి, శనివారం అదే బండిని రేస్ ట్రాక్ మీద దౌడు తీయించి, సాయంత్రం అందులోనే ఇంటికి వచ్చేయడం దాని గొప్పతనం. అమ్మేవాడి మాట నిజమా కాదా అన్నది బేరం కుదిరే దాకా ఉండే ప్రశ్న. ఆ ప్రశ్నను టార్చిలైటుతో, గోటితో, ఒక కేబులుతో తేల్చేసే మెకానిక్ పనితనం మాత్రం ఎంతసేపు చెప్పుకున్నా తనివి తీరనిది. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

అమెరికాలో, జర్మనీలో, బ్రిటన్‌లో ఇలాంటి కారు కొనేముందు, అమ్మేవాడితో ఏ సంబంధమూ లేని షెడ్డులో డబ్బు కట్టి పరీక్ష చేయించడం ఆనవాయితీ. వాడుకలో దాన్ని పీపీఐ అంటారు. బండిని లిఫ్టు మీదకి ఎక్కించి, చక్రాలు విప్పి, కింది రేకులు దించి చూస్తారు. మన సంతలో ఎద్దును బేరమాడే రైతు పళ్లు చూసి వయసు కడతాడు, మూపు తడిమి కాడి మోసిన కాయ కోసం చూస్తాడు. కాయ ఉంటే పని చేసిన గొడ్డని తెలుస్తుంది, అందులో తప్పేమీ లేదు. పుండుపడి మానిన మచ్చ చేతికి తగిలితే మాత్రం బేరం మారిపోతుంది. మంచి పీపీఐ మెకానిక్ చేసేదీ ఇదే పని. ట్రాక్ మీద తిరిగిందా లేదా అని తేల్చడంతో అతని పని సగమే అయినట్టు. ఎలా తిరిగింది, తిరిగి వచ్చాక దాన్ని ఎలా చూసుకున్నారు అన్నది మిగతా సగం.

ముందు బండి సంగతి. మొదటి జీటీ3 1999లో వచ్చింది. 3.6 లీటర్ల ఇంజన్, 360 హార్స్‌పవర్. ఆ ఇంజన్‌ను అభిమానులు ఇప్పటికీ మెజ్గర్ ఇంజన్ అనే పిలుస్తారు. హాన్స్ మెజ్గర్ అన్న ఇంజనీరు పేరు అది. 1970లో లీ మాన్స్ 24 గంటల రేసు గెలిచిన 917 కారు ఇంజన్ ఆయన చేతి పనే. 1998లో అదే రేసు గెలిచిన 911 జీటీ1 ఇంజన్ వంశంలోదే జీటీ3 ఇంజన్. కనెక్టింగ్ రాడ్లు టైటానియంతో చేశారు. మలుపుల్లో బండి ఎంత గట్టిగా పక్కకు లాగినా ఆయిల్ అందడం ఆగకుండా, ఆయిల్‌కి విడిగా ఒక ట్యాంకు పెట్టారు. 2006లో వచ్చిన 997 మోడల్ జీటీ3 415 హార్స్‌పవర్‌తో 8,400 ఆర్పీఎం దాకా తిరుగుతుంది. 2013లో వచ్చిన 991 ఏకంగా 9,000 దాకా వెళ్తుంది. మామూలు రోడ్డు మీద ఏ కారూ ఆ అంకె దగ్గరికి పోనక్కర్లేదు. ఈ ఇంజన్ అక్కడ ఉండటానికే పుట్టింది.

ట్రాక్ ఎందుకు మచ్చలు వేస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. కదిలే బండిలో ఉండే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి బండిని పూర్తిగా ఆపామనుకుందాం. అదే బండిని ట్రాక్ మీద 240 నుంచి 80కి తగ్గించడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దానికి సరిగ్గా 8 రెట్లు. రోడ్డు మీద ఆ తర్వాత బ్రేకులు చల్లారడానికి బోలెడు సమయం దొరుకుతుంది. ట్రాక్ మీద మరో మలుపు కొన్ని సెకన్లలోనే వచ్చేస్తుంది. ఇరవై నిమిషాలు ఇదే వరస. ఆ వేడి ఎక్కడికో పోవాలి. డిస్కులోకి, ప్యాడ్‌లోకి, కాలిపర్‌లోకి, బ్రేక్ ఆయిల్‌లోకి పోతుంది, పోయినచోటల్లా గుర్తు వేస్తుంది. అందుకే తెలిసిన మెకానిక్ ముందు చక్రం విప్పుతాడు.

చక్రం విప్పాక అతను దేన్ని ఎంతసేపు చూస్తాడో గమనిస్తే అతని అనుభవం ఎంతో చెప్పేయవచ్చు. కొత్తవాడు డిస్కు మందం కొలిచి కాగితం మీద రాసుకుంటాడు. పాతకాపు టార్చిని డిస్కుకి దాదాపు సమాంతరంగా పట్టుకుని, వెలుతురు ఏటవాలుగా పడేలా నెమ్మదిగా తిప్పుతాడు. జీటీ3 ఇనుప డిస్కుల నిండా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పదే పదే కాలి చల్లారిన డిస్కు మీద ఆ రంధ్రాల అంచుల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు మొదలవుతాయి. నేరుగా వేసిన వెలుతురులో అవి కనిపించవు. ఏటవాలు వెలుతురులో సన్నటి నల్లగీతల్లా బయటపడతాయి. అప్పుడు గోరు వాటి మీదుగా లాగుతాడు. గోరు జారిపోతే పైపై గీత, తట్టుకుంటే పగులు లోతుకు దిగినట్టు. ఒక రంధ్రం నుంచి బయల్దేరిన పగులు ఇంకో రంధ్రాన్ని కలిసినా, డిస్కు అంచుకు చేరినా దాన్ని మార్చేయాల్సిందే. అంత దూరం పోని చిన్న పగుళ్లు ట్రాక్ బండికి సహజం. వాటిని చూసి కంగారు పడేవాడు ఈ బండి జోలికి పోకపోవడమే మంచిది.

తర్వాత కాలిపర్. జీటీ3 ఇనుప బ్రేకుల కాలిపర్లకు ఎర్ర రంగు వేస్తారు. ఎన్ని ఏళ్లు రోడ్డు మీద తిరిగినా ఆ ఎరుపు దుమ్ము పట్టి మాసిపోతుందే గానీ, కడిగితే మళ్లీ ఎరుపే. ట్రాక్ వేడి మాత్రం రంగునే మార్చేస్తుంది. ముందు ముదురు ఎరుపు, తర్వాత మెరూన్, బాగా కాలినదైతే గోధుమ రంగు. దాని మీది పోర్షే అక్షరాలు పసుపుబారతాయి, అంచులు పొడిబారి లేస్తాయి. ఈ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు కాబట్టి కొందరు కాలిపర్లకు కొత్త రంగు వేయిస్తారు. ఇక్కడే మెకానిక్ నేర్పు చూడాలి. బయటి ముఖం వదిలేసి, చేతి అద్దం ఒకటి కాలిపర్ వెనక్కి, సస్పెన్షన్ వైపుకి దూరుస్తాడు. చక్రం విప్పకుండానో, కాలిపర్ దించకుండానో రంగు వేసినవాడి బ్రష్ అక్కడికి చేరదు. ముందు వైపు నిగనిగలాడే ఎరుపు, వెనక వైపు కాలిన గోధుమ రంగు ఉంటే ఇక అడగాల్సిన ప్రశ్న ఏమీ మిగలదు. పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు తొడుగులను వేలితో నొక్కుతాడు. మెత్తగా ఉంటే సరే, పెళుసుగా విరిగితే కాలినట్టు. చివరికి బ్రేక్ ఆయిల్ తీసే నిపుల్ చూస్తాడు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి తిప్పిన నిపుల్ మూలలు పదునుగా ఉంటాయి. ట్రాక్‌కి వెళ్లే ప్రతిసారీ స్పానర్ పడిన నిపుల్ మూలలు గుండ్రబడి మెరుస్తుంటాయి.

ఆ మెరుపు చూసి నాకు మాత్రం భయం వేయదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ట్రాక్ మీద ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేల దాకా దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే బాధ్యత తెలిసినవాడు 300 డిగ్రీలు దాటినా మరగని రేసు ఆయిల్ పోయించి, తరచుగా మార్పిస్తాడు. గుండ్రబడిన నిపుల్, దాంతోపాటు ఆయిల్ మార్చిన రసీదుల కట్ట రెండూ ఉంటే, ఆ బండి యజమాని మీద నాకు గౌరవం పెరుగుతుంది.

సిరామిక్ బ్రేకులున్న బండిలో కాలిపర్లు పసుపు రంగువి. ఆ డిస్కులు చాలా ఖరీదు. ట్రాక్ వేడికి వాటిలోని కార్బన్ నారలు కాలి, పైపొర గరుకు తేలుతుంది. అరుగుదలను మందంతో కాకుండా బరువుతో తేలుస్తారు, ఉండాల్సిన కనీస బరువు డిస్కు మీదే చెక్కి ఉంటుంది. తెలివైన యజమానులు సిరామిక్ డిస్కులు విప్పి పెట్టెలో భద్రపరిచి, ట్రాక్ కోసం ఇనుప డిస్కులు బిగించుకుంటారు. పసుపు కాలిపర్ మధ్య ఇనుప డిస్కు కనబడితే అడగాల్సింది ఒక్కటే: అసలు డిస్కులు ఎక్కడున్నాయి, బేరంలో వస్తాయా?

టైర్ల దగ్గర అమ్మేవాడికి దాచే వీలు ఎక్కువ, ఎందుకంటే కొత్త టైర్లు వేసేస్తే సరిపోతుంది. పాత టైర్లే ఉంటే పని తేలిక. ట్రాక్ మలుపుల్లో కాగిన రబ్బరు భుజం మీద పొరలు పొరలుగా లేచి, ఒక పక్కకు దువ్వినట్టు ఉంటుంది. హైవే మీద అరిగిన టైరు మధ్యలో నున్నగా, సమంగా అరుగుతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడటం మర్చిపోకూడదు. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైన టైరు అని అర్థం. 20,000 కిలోమీటర్లు తిరిగిన బండికి ఇది ఎన్నో జత అని అడిగితే కథ చాలావరకు బయటికొస్తుంది.

టైర్లు కొత్తవైనా చక్రం గూడు పాతదే కదా. ట్రాక్ మీద బండ్ల టైర్ల నుంచి ఊడిన రబ్బరు గుళికలు మలుపుల అంచున పోగుపడతాయి. వేడి టైరు వాటిని అంటించుకుని, గూటి లోపలి ప్లాస్టిక్ మీదకి, సైలెన్సర్ మీదకి, తలుపు కింది అంచు వెనక్కి విసిరి కొడుతుంది. పైపైన కడిగితే అవి పోవు. కింది రేకు దించినప్పుడు మూలల్లో నల్లగా, గట్టిగా అంటుకుని కనిపిస్తాయి. వాటితోపాటు గుండ్రటి కంకర రాళ్లు దొరికితే, బండి ఎప్పుడో ఒకసారి ట్రాక్ దాటి పక్కనున్న కంకర గుంటలోకి దిగిందని అనుమానించాలి. అప్పుడు మెకానిక్ చక్రాల లోపలి అంచులు చేత్తో తడుముతాడు, కింది రేకుల మీద గీతలు ఏ దిక్కుగా ఉన్నాయో చూస్తాడు. ముందు నుంచి వెనక్కి సాగిన గీతలు వాకిలి ర్యాంపు ఎక్కినప్పుడు కూడా పడతాయి. అడ్డంగా పడినవి మాత్రం బండి పక్కకు జారితేనే పడతాయి.

బాడీ మీద చూడాల్సినవి త్వరగానే అయిపోతాయి. ముందు బంపర్‌లో ఒక చిన్న మూత ఉంటుంది, అది తీసి లాగుడు కొక్కెం బిగిస్తారు. ట్రాక్ నిర్వాహకులు చాలాచోట్ల ఆ కొక్కెం బిగించుకునే రమ్మంటారు. మూత అంచున రంగు గీరుకుపోయి, టూల్ కిట్‌లోని కొక్కెం మరల దగ్గర మెరుస్తుంటే అర్థమైపోతుంది. తలుపుల మీద రేసు నంబరు అంటించి ఎండలో ఎక్కువ కాలం తిప్పితే, స్టిక్కరు పీకేశాక దాని కింది రంగు చుట్టుపక్కల కన్నా కొత్తగా కనిపిస్తుంది. సాయంత్రపు వాలు వెలుగులో ఆ అంకె నీడలా తేలుతుంది. ముందు అద్దం మీద, హెడ్‌లైట్ల మీద సన్నటి గుంటలు మాత్రం నమ్మదగ్గ సాక్ష్యం కాదు. రోజూ హైవే మీద లారీల వెనక తిరిగినా అవే వస్తాయి. పెయింట్ మందం కొలిచే మీటరుతో ప్రతి రేకూ చూస్తారు, ఒక్క రేకు అంకె మిగతావాటి కన్నా బాగా ఎక్కువ చూపిస్తే దాని మీద మళ్లీ రంగు పడినట్టు.

లోపల సీటు బోల్టులు చూడాలి. సొంత సీట్లు తీసి రేసు సీట్లు వేసుకుని, అమ్మేముందు మళ్లీ మార్చిన బండిలో ఆ బోల్టుల తలల మీద స్పానర్ గుర్తులు ఉంటాయి. కార్పెట్ కింద బెల్టుల కోసం వేసిన కన్నాలు, అగ్నిమాపక సిలిండర్ బిగించిన మరల గుర్తులు, హెల్మెట్ రాసుకుని పాలిపోయిన పైకప్పు గుడ్డ చూస్తారు. అయితే యూరప్‌లో క్లబ్‌స్పోర్ట్ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు సీట్ల వెనక ఇనుప చట్రాన్ని, ఆరు పట్టీల బెల్టును కంపెనీయే ఇచ్చింది. అవి ఉన్నంత మాత్రాన బండి ట్రాక్ చూసిందని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఇప్పటిదాకా కళ్లు, చేతులు చేసిన పని. ఇక మెకానిక్ ఒక కేబులు తెచ్చి కారు కంప్యూటర్‌కి తగిలిస్తాడు. నాకు ఈ తనిఖీలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పోర్షే ఇంజన్ కంప్యూటర్ ఇంజన్ హద్దు మీరి తిరిగిన ప్రతి క్షణాన్నీ లెక్క రాసుకుంటుంది. పాత మోడళ్లలో ఆ లెక్కకు 2 రేంజిలు, తర్వాతివాటిలో 6. రెడ్‌లైన్ దగ్గర మొదటి రేంజి, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఒక్కో రేంజిలో ఎన్ని ఇగ్నిషన్లు జరిగాయో, చివరిసారి ఇంజన్ జీవితంలో ఎన్నో గంటలో జరిగాయో ఉంటుంది.

ఉదాహరణకి ఒక పట్టిక ఊహిద్దాం. ఇంజన్ మొత్తం 612 గంటలు నడిచింది. మొదటి రేంజిలో 4,200 ఇగ్నిషన్లు, చివరిది 611వ గంటలో. నాలుగో రేంజిలో 130, చివరిది 205వ గంటలో. 4,200 అన్న అంకె చూసి కొనేవాడి గుండె జారిపోతుంది. మెకానిక్ మాత్రం కాగితం మీద లెక్క కడతాడు. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు 3 ఇగ్నిషన్లు. 8,400 ఆర్పీఎం దగ్గర సెకనుకు 420. అంటే 4,200 ఇగ్నిషన్లు కలిపి చూస్తే 10 సెకన్లు. 612 గంటల్లో 10 సెకన్లు రెడ్‌లైన్ తాకడం ఈ ఇంజన్‌కి లెక్కే కాదు. యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఇంజన్ తన హద్దును తానే కాపాడుకుంటుంది, కంప్యూటరే అక్కడ ఆపేస్తుంది.

అసలు చూడాల్సింది 130 అన్న చిన్న అంకె. ఆ రేంజిలోకి యాక్సిలరేటర్ తొక్కి వెళ్లడం కుదరదు. చేతి గేర్లున్న బండిలో 3 నుంచి 4కి వేయబోయి కంగారులో 2 వేస్తే, క్లచ్ వదలగానే చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. 8,000 దగ్గర ఆ పొరపాటు చేస్తే ఇంజన్ 10,000 దాటిపోతుంది, కంప్యూటర్ ఏమీ చేయలేదు. వాల్వులు మూసుకునే వేళకి మూసుకోక పిస్టన్‌కి తగలవచ్చు, రాడ్ బోల్టులు సాగవచ్చు. 130 ఇగ్నిషన్లు అంటే ఆ వేగంలో పావు సెకను కన్నా కాస్త ఎక్కువ. ఒకే ఒక్క తప్పు గేరు, ఉలిక్కిపడి క్లచ్ తొక్కేంత సేపు. అది జరిగింది 205వ గంటలో. ఆ తర్వాత ఇంజన్ మరో 407 గంటలు, అంటే దాదాపు 20,000 కిలోమీటర్లు, ఏ తేడా లేకుండా నడిచింది. లోపల ఏదైనా వంగి ఉంటే ఈపాటికి బయటపడే అవకాశమే ఎక్కువ. అదే 130 ఇగ్నిషన్లు 610వ గంటలో పడి ఉంటే, బండి ఎందుకు అమ్మకానికి వచ్చిందో ఆలోచించాలి.

ఆ పట్టిక ఇంకో సాక్ష్యం కూడా చెబుతుంది. మీటరులో 30,600 కిలోమీటర్లు ఉంటే, 612 గంటలకు సగటు వేగం 50. ఊరూ హైవే కలిసిన వాడకానికి అది సరిపోయే అంకె. అదే గంటలు 1,500 చూపిస్తే సగటు 20కి పడిపోతుంది. అప్పుడు బండి నిత్యం ట్రాఫిక్‌లో నలిగి అయినా ఉండాలి, మీటరు వెనక్కి తిప్పి అయినా ఉండాలి.

ఈ పట్టికను చాలామంది ట్రాక్ వాడకానికి రుజువు అనుకుంటారు, నేను ఒప్పుకోను. నేర్పున్న డ్రైవరు రోజంతా ట్రాక్ మీద తిరిగి కూడా రెడ్‌లైన్‌కి ముందే గేరు మార్చి, పట్టికను శుభ్రంగా ఉంచగలడు. ట్రాక్ ముఖం చూడని కుర్రాడు సిగ్నల్ దగ్గర పందెం వేసుకుని నాలుగో రేంజి నింపేయగలడు. పట్టిక చెప్పేది డ్రైవరు చేతి సంగతి. ఎక్కడ నడిపాడన్నది బ్రేకులనూ రబ్బరు గుళికలనూ అడగాలి. అదీగాక పీడీకే ఆటోమేటిక్ గేర్లతో వచ్చిన 991 మోడల్‌లో తప్పు గేరు వేయబోయినా బండి ఒప్పుకోదు కాబట్టి ఆ బండ్ల పట్టికల్లో పై రేంజిలు మామూలుగా ఖాళీగానే ఉంటాయి. ఆ మోడల్‌లో ఇంజన్ మార్చారని రికార్డులో ఉంటే కూడా కంగారు అక్కర్లేదు. 2014లో కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులై రెండు బండ్లు తగలబడ్డాక, పోర్షే 785 కార్లకు ఇంజన్లు తనే మార్చి ఇచ్చింది.

పట్టికలో పై రేంజిల్లో అంకెలు ఉంటే మెకానిక్ అక్కడితో ఆగడు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో కొలుస్తాడు. ఆరు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఒక్కటి తేడా కొట్టినా ఆ గాలి ఎక్కడి నుంచి బుసకొడుతోందో చెవి పెట్టి వింటాడు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఇంజన్ ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. స్పార్క్ ప్లగ్ కన్నంలోంచి సన్నటి కెమెరా దింపి పిస్టన్ తల మీద వాల్వు తగిలిన అర్ధచంద్రపు గుర్తు కోసం వెతుకుతాడు. ఆయిల్ చుక్క ల్యాబుకి పంపితే అందులో రాగి, సీసం పాళ్లు బేరింగుల అరుగుదల చెబుతాయి.

ఈ బండి కింద ఒక జాగా ఉంది, దాని గురించి చెప్పకుండా ముగించలేను. మెజ్గర్ ఇంజన్‌లో కూలెంట్ నీళ్లు తిరిగే కొన్ని గొట్టాలను అల్యూమినియం ఇళ్లలోకి దూర్చి జిగురుతో అతికించారు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారితే ఆ జిగురు పట్టు వదులుతుంది. ట్రాక్ మీద అలా జరిగితే కూలెంట్ మొత్తం వెనక టైర్ల కిందే పడుతుంది, బండి గిర్రున తిరిగిపోతుంది, వెనక వచ్చేవాళ్లకు కూడా ప్రమాదమే. విషయం తెలిసిన యజమానులు ఇంజన్ దింపించి ఆ గొట్టాలను వెల్డింగ్ చేయించారు, లేదా పిన్నులు కొట్టించారు. శ్రమతో, ఖర్చుతో కూడిన పని అది. రోడ్డు మీద మాత్రమే తిప్పేవాళ్లలో చాలామంది దాని జోలికి పోరు. కాబట్టి నీటుగా చేసిన వెల్డింగ్ కనిపించిందంటే ఆ బండి ట్రాక్ మీద తిరిగిందని దాదాపు తేలినట్టే. అదే సమయంలో ఆ బండిని ప్రాణంగా చూసుకున్నారనీ తేలినట్టే. ఆనవాలు ఒక్కటే, చెప్పేవి రెండు సంగతులు. మంచి మెకానిక్ తన రిపోర్టులో రెండూ రాస్తాడు. చెడ్డవాడు మొదటిది మాత్రం రాసి కొనేవాడిని బెదరగొడతాడు.

సస్పెన్షన్ కూడా ఇలాంటిదే. జీటీ3 కింది చేతులు రెండు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో పలుచటి షిమ్ములు చేర్చి చక్రం వాలు పెంచుకోవచ్చు. యాంటీ రోల్ బార్ చివర్లలో కన్నాలు ఉంటాయి, ఏ కన్నంలో బిగించారన్నదాన్ని బట్టి గట్టిదనం మారుతుంది. ఈ ఏర్పాట్లన్నీ కంపెనీయే ఇచ్చింది, వాడుకోమని ఇచ్చింది. షిమ్ములు ఎన్ని ఉన్నాయి, ఎడమ కుడి సమానంగా ఉన్నాయా, ఎలైన్‌మెంట్ కాగితాల్లో తారీఖులు ఏమిటి అని చూస్తే చాలు. సమానంగా లేకపోతే మాత్రం ఎందుకని అడగాలి. వంగిన భాగాన్ని షిమ్ములతో సరిపెట్టిన బండ్లు కూడా ఉంటాయి.

న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో స్థిరపడి ఇలాంటి కారు కొనాలని ఏళ్లుగా దాచుకున్న తెలుగువాళ్లు ఈ వ్యాసం చదువుతూ ఉండొచ్చు. పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికా 1955 నుంచీ ఉంది. ఆ క్లబ్ ట్రాక్ మీద డ్రైవింగ్ నేర్పే కార్యక్రమాలు నడుపుతుంది, ముందుగా బండిని తనిఖీ చేయించి ఫారం నింపుకుని రమ్మంటుంది. అమ్మేవాడి దగ్గర ఆ ఫారాలు ఉన్నాయేమో అడగండి. దాచిపెట్టిన ట్రాక్ కన్నా కాగితం మీద ఉన్న ట్రాక్ వెయ్యి రెట్లు నయం. ఇక్కడ హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకు జీటీ3 దొరకడం అరుదే. అయినా చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 1990 నుంచీ ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2011 నుంచి గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది. అక్కడ తిరిగివచ్చే పోలోలూ ఆక్టావియాలూ మన సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకే వస్తాయి. కాలిపర్ వెనక అద్దం పెట్టడానికీ, డిస్కు మీద గోరు లాగడానికీ బండి పోర్షే అయి ఉండాల్సిన పని లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు జీటీ3లు పక్కపక్కన ఉండి, ఒకదానికి కాలిన కాలిపర్లు, వెల్డింగ్ చేసిన గొట్టాలు, లావుపాటి రసీదుల ఫైలు ఉండి, రెండోదానికి కొత్త టైర్లు, కొత్త రంగు, "ట్రాక్ చూడలేదు" అన్న మాట తప్ప ఇంకేమీ లేకపోతే, ధర ఒకటే అయినా నేను మొదటిదే కొంటాను. ఏది కొన్నా పీపీఐ మాత్రం మానకండి. కారు ధరతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు. కుదిరితే ఆ పూట షెడ్డు దగ్గరే ఉండి, లిఫ్టు కింద మెకానిక్ పక్కనే నిలబడి, అతను చూపించే ప్రతి గుర్తునూ మీ కళ్లతో చూడండి.